రెండు ఎడమ చేతులు

పెనుకొండ
30-7-2025

అన్నా,

ఫోను చేస్తే నీకు వినపడదు. వాట్సాప్‌లో రాస్తే చదివి, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. కాగితం మీదైతే జవాబు రాయక తప్పదు కదా, అందుకే పెన్ను పట్టుకున్నాను. ఇది మా ఆయన కండక్టరుగా పోయే బస్సులోనే వస్తుంది. ధర్మవరం బస్టాండులో నీ చేతికిచ్చి, టైమయిందని పరిగెత్తుతాడు. ఆయన్ని ఆపి ఏమీ అడగొద్దు, పాపం డ్యూటీలో ఉంటాడు.

కట్టు విప్పి వారమైంది. ముంజేతి ఎముక బాగానే అతుక్కుందని డాక్టరు చెప్పాడు. కుడిచెయ్యి కొంచెం బిగుసుకుంది, అంతే. వదిన అడిగితే బాగుందని చెప్పు.

బాగాలేనిది నా టేబులు సంగతి. ఈశ్వరప్ప డాక్యుమెంట్లు రాయడం, నేను ఆయన వరండాలో కూర్చుని టైపు చేయడం ఇరవై రెండేళ్లుగా నడుస్తోంది. రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చేవాళ్లు ఈశ్వరప్ప పేరు మర్చిపోయి "ఆ టైపు అక్క ఉండే ఆడికి పోదాం పా" అంటారు. ఇప్పుడేమో ఒంటి చేత్తో కొడుతున్నాను. అరగంట పని రెండు గంటలు పడుతోంది. శ్రావణమాసం, జనం క్యూ కట్టి నిలబడుతున్నారు. మొన్న ఈశ్వరప్ప నా మొహం చూడకుండా చెప్పాడు. "పెద్దల అమావాస దాకా చూస్తా నాగమణీ. ఆ మరుసటి దినం నవరాత్రులు పడితే రిజిస్ట్రేషన్లు మీద పడతాయి. కదిరి నుంచి ఒక టైపు చేసే పిల్ల వస్తానంటాండాది. నేనేం చేసేదమ్మా, నువ్వే చెప్పు" అన్నాడు. ఏం చెప్పేది? తలూపాను.

ఆ టేబులు పోతే నేను ఇంట్లో కూర్చుని ఏం చేస్తానో నాకే తెలియదు అన్నా. అది తలుచుకుంటే అన్నం దిగడంలేదు.

ఇంకో మాట. హిందూపురం నుంచి మంజుల ఫోను చేసి, "మామ నీకు రెండు ముక్కల కీబోర్డు చేస్తాడంట అమ్మా" అంది. నా కూతురుకు కంపెనీలో బోర్డులు పరీక్ష చేసీ చేసీ మతి పోయిందా, లేక నీకే పోయిందా? ఉన్న కీబోర్డు ఒక్క ముక్కగా, మంచిగా ఉంది. దాన్ని విరగ్గొట్టే పనేమిటి?

నాగమణి

*

ధర్మవరం
3-8-2025

నాగూ,

బొటనవేలు బొమ్మ గురించి తిట్టావు కాబట్టి ఈసారి రెండు పేజీలు రాస్తున్నాను, చదవక ఎక్కడికి పోతావు.

మతి పోలేదులే. పోయిన నెల మా మగ్గాల సేటు తిమ్మరాజు, చీర డిజైను నేయించే కంప్యూటర్ జకార్డు మిషనుకు రిపేరు వస్తే, నన్ను వెంటబెట్టుకుని బెంగళూరు తీసుకుపోయాడు. అక్కడ ఇంజనీరు ఒక అమ్మాయి. ఆమె టేబులు మీద కీబోర్డు రెండు ముక్కలుగా ఉంది. మధ్యలో జానెడు ఖాళీ, దాంట్లో కాఫీ గ్లాసు. ఒక ముక్క ఎడమ చేతి కింద, ఒకటి కుడి చేతి కింద, భుజాలు ఎక్కడుంటే చేతులూ అక్కడే. నేను మిషను వదిలేసి దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాకు వినపడదని తెలిసి, అడిగినవాటికి జవాబులన్నీ ఆ కీబోర్డు మీదనే కొట్టి స్క్రీనులో చూపించింది. ఎంత ఓపికో తల్లికి! మా సేటు వాచీ చూసుకుంటానే ఉన్నాడు.

నాకు తెలిసింది ఇది. ప్రతి ముక్కలోనూ గోరంత కంప్యూటరు ఉంటుంది. దాంట్లో పెట్టే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. ఏ బటన్ నొక్కితే ఏమి పోవాలో అది చెబుతుంది. ఆ ప్రోగ్రామును మనమే రాసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. నేను అడిగాను: "అంటే ఇవి జకార్డు అట్టలే కదమ్మా?" ఆ పిల్ల ఒక నిమిషం ఆలోచించి, "అవును సార్, అట్టలే" అని కొట్టింది.

నాగూ, ముప్పై ఏళ్లు నేను కొట్టింది అట్టలే కదా. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. అంచులో నెమలి రావాలన్నా మామిడి పిందె రావాలన్నా మగ్గాన్ని ముట్టే పనిలేదు, అట్టల దండ మారిస్తే చాలు. ఈ కీబోర్డు కూడా అంతేనని తెలిసినప్పటినుంచి నాకు కుదురు లేదు. మీ వదిన "ఈయప్పకు ఏదో పట్టుకుండాది" అని ఇంటింటికీ చెబుతోంది.

నీ చెయ్యి బిగుసుకుందన్నావు. దూరంగా చాపే పని లేకుండా, నీ వేళ్లు ఎక్కడ పడతాయో అక్కడే బటన్లు పెడతాను. పెద్దల అమావాస్యకు ఇంకా నెలన్నర ఉంది. నువ్వు రెండు పనులు చెయ్యి. ఒకటి, మూడు రోజులు నువ్వు కొట్టే కాగితాల్లో ఏ బటన్ ఎన్నిసార్లు పడుతోందో గీతలు పెట్టి పంపు. రెండు, తెల్ల కాగితం మీద రెండు చేతులూ పెట్టి, వేళ్లు ఊరికే వదిలేసి, చుట్టూ పెన్నుతో గీసి పంపు. మంజుల హిందూపురంలో సామాను తెప్పిస్తానంది.

చంద్రప్ప

*

పెనుకొండ
8-8-2025

అన్నా,

బటన్లు లెక్కపెట్టమంటావా? పరీక్ష పెడుతున్నావా నాకు? టైపు పరీక్షలు లోయరు, హయ్యరు రెండూ ఫస్టు క్లాసులో పాసయిన దాన్ని. నా వేళ్లకు తెలుసు గానీ నాకు తెలియదు ఏది ఎన్నిసార్లు పడుతుందో. సరే, అన్నవి కదా అని చేశాను. చేస్తుంటే నాకే వింతగా అనిపించింది. దీర్ఘం ఇన్నిసార్లు కొడతానా! తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని హద్దులు రాస్తాం కదా, ప్రతి కాగితంలోనూ అవి రావలసిందే. దక్షిణం దగ్గర క్షకు షిఫ్టు నొక్కాలి, ఎప్పుడూ చిటికెనవేలే పోయి నొక్కుతుంది. ఇరవై రెండేళ్లు ఆ చిన్నవేలు ఎంత చాకిరీ చేసిందో ఇన్నాళ్లూ నేను చూడనేలేదు. లెక్కంతా వెనక పేజీలో ఉంది.

చేతులు గీసి పంపుతున్నాను. ఏది ఎడమో ఏది కుడో పేరు కూడా రాశాను. కుడిది గీయడానికి కొంచెం తంటాలు పడ్డాను, ఎడమ చేత్తో పెన్ను పట్టుకోవాలి కదా. గీత అక్కడక్కడ వణికింది, ఏమీ అనుకోవద్దు.

చెయ్యి ఎలా ఉందని మళ్లీ మళ్లీ అడగొద్దు. చెప్పాను కదా.

మొన్న ఒక ముసలాయన తన గొర్రెల దొడ్డి స్థలం కొడుకు పేరున రాయించడానికి వచ్చాడు. ఒంటి చేత్తో నేను కొడుతుంటే చాలాసేపు చూసి, "ఏమ్మా, ఇంకో చెయ్యి యాడ పెట్టినావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

నాగమణి

*

ధర్మవరం
19-8-2025

నాగూ,

ఎడమ ముక్క అయిపోయింది! ఈ ఉత్తరంతో పాటే బావ చేతికిచ్చి పంపుతున్నాను. పాత తువ్వాలులో చుట్టాను, జాగ్రత్తగా విప్పు.

ఎలా చేశానో చెప్పకుంటే నాకు నిద్రపట్టదు. వడ్రంగి దగ్గర పలచని చెక్క తెచ్చి, నీ వేళ్ల గీత ప్రకారం బటన్లకు చదరపు చిల్లులు కొట్టించాను. మధ్యవేలు పొడుగు కాబట్టి దాని వరుస కొంచెం పైకి, చిటికెనవేలు వరుస కిందికి. పలకలో బటన్లు దిగేసి, వెనక తిప్పి, ఒక్కొక్కదానికీ తీగలు సోల్డరింగు చేశాను. పనంతా వెనకవైపునే. నాకది కష్టమే అనిపించలేదు. మన చీర మగ్గం మీద బోర్లా పడుకునే కదా తయారయ్యేది! నేసేవాడికి కనిపించేది వీపు, కట్టుకునేవాళ్లకు కనిపించేది ముఖం. కాగితం మీది డిజైను అట్టకెక్కించేటప్పుడు ఎడమది కుడికి తిప్పడం నా చేతికి ఎంత అలవాటంటే, ఆలోచించే పనే లేదు. నీ చేతి గీతను కూడా అలాగే తిప్పేసి వెనకనుంచి కట్టుకుంటూ పోయాను.

ఒక్క బటన్ మాత్రం పలకలేదు. రెండు దినాలు బుర్ర గోక్కున్నాను. ప్రతి బటన్ కిందా మిరియపు గింజంత డయోడు ఉంటుంది, కరెంటును ఒకవైపే పోనిస్తుంది. అది ఒకటి తలకిందులుగా పెట్టాను. తిప్పి పెట్టగానే పలికింది. ఎగిరి గంతేశాను, మీ వదిన గొంతెత్తి తిట్టింది, నాకెలాగూ వినపడలేదు.

శనివారం రైలెక్కి హిందూపురం పోయి మంజుల పక్కన కూర్చుని ఫర్మ్‌వేర్ ఎక్కించాను. నాగూ, నీకో వింత చెబుతాను. కీబోర్డుకు తెలుగు రాదంట! అ, ఆ ఏమీ తెలియదంట. ఫలానా బటన్ నొక్కారు అని ఒక అంకె పంపుతుంది, అంతే. దాన్ని అక్షరం చేసేది కంప్యూటరు. ఇన్నాళ్లూ నేను కీబోర్డు లోపల అక్షరాలు ఉంటాయనుకున్నాను.

ఇంకొకటి నీకోసమే పెట్టాను. బొటనవేలు కింద ఒక బటన్ ఉంది. అది నొక్కితే "నేను నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చిన క్రయ దస్తావేజు ఏమనగా" అని వాక్యమంతా దానంతట అదే పడిపోతుంది. నొక్కి చూడు!

చంద్రప్ప

*

పెనుకొండ
22-8-2025

అన్నా,

హిందూపురం పోయే రైలు పెనుకొండ మీదనే పోతుంది. ఆ సంగతి నీకు తెలియదా? శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. దిగి ఒక చెంబు నీళ్లు తాగి పోయేంత తీరిక లేకపోయిందా నీకు? నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియనే తెలియదు. చెల్లెలి ఊరు మీదనే పోయి మొహం చూపించకుండా వెనక్కి పోయిన అన్నను నిన్నే చూశాను.

ఆ వాక్యం బటన్ నొక్కాను. పడింది. ఆ వాక్యం నా చేత్తో ఎన్ని వేలసార్లు కొట్టి ఉంటానో. కళ్లు మూసుకున్నా వేళ్లు వాటంతట అవే పోతాయి. దాన్ని తీసుకుపోయి ఒక్క బటన్‌లో పెట్టేశావు. ఇంక నేనెందుకు చెప్పు? ఈశ్వరప్పే వచ్చి నొక్కుకుంటాడు. ఆ కదిరి పిల్ల కూడా అక్కర్లేదు. నా చెయ్యి ఇంక పనికిరాదని నువ్వూ తేల్చుకున్నావా ఏమి? అలాగైతే మొహం మీదే చెప్పు.

ఎడమ ముక్క మాత్రం బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. షిఫ్టును బొటనవేలు కిందికి తెచ్చావు కదా, మొదట చిరాకు పడ్డాను, మూడో రోజుకు చిటికెనవేలు ఊరికే కూర్చుని ఉండటం చూసి నవ్వొచ్చింది. పనిలేక అటూ ఇటూ చూస్తున్నట్టుంది పాపం. ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మిగతావన్నీ అంకెలైపోతున్నాయే, అదెలా? వదిలితే మళ్లీ అక్షరాలు. సర్వే నంబర్లకు చెయ్యి పైకి ఎత్తే పనే లేదు. నాకు కోపం ఉంది గానీ, అదెలాగో రాయి.

నాగమణి

*

ధర్మవరం
28-8-2025

నాగూ,

దిగనందుకు తిట్టు, పడతాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు దిగుదామని లేచాను కూడా. చేతిలో ఉన్నది సగం కీబోర్డు. సగం పని చేతిలో పెట్టుకుని నీ ముందు నిలబడి "ఇంకా కాలేదమ్మా" అనడానికి మనసొప్పలేదు. కూర్చుండిపోయాను. నీకు చెబితే ఇంత కోపం వచ్చేది కాదేమో.

వాక్యం బటన్ తీసేస్తాను. నువ్వు రాసింది చదివితే నా అట్టలు గుర్తొచ్చాయి. మా షెడ్డులోకి కంప్యూటర్ జకార్డు వచ్చినప్పుడు, నేను కొట్టిన అట్టలన్నీ సేటు గోనెసంచుల్లో వేసి పాత కాగితాలవాడికి ఇచ్చేశాడు. నేను బయట నిలబడి చూశాను. ఒక్కరైనా "చంద్రప్పా, ఇవి నీవి కదా" అంటారేమోనని. ఎవరూ అనలేదు. అదే పని నేను నీకు చేశానా అని సిగ్గేసింది. నీకు తీరిక మిగలాలనే పెట్టాను, ఒట్టు.

అంకెల సంగతి. అది రెండో దండ అట్టలు అనుకో. మొదటి దండలో అక్షరాలు, రెండో దండలో అంకెలు. ఆ బటన్ నొక్కి ఉన్నంతసేపూ మగ్గానికి రెండో దండ తగులుతుంది. దీన్ని లేయర్ అంటారు. పదహారు దాకా పెట్టుకోవచ్చంటుంది మంజుల. పదహారు! దేనికో ఆలోచిస్తూ ఉన్నాను.

కుడి ముక్క మూడు నాలుగు దినాల్లో వస్తుంది. అన్ని తీగలూ అయ్యాయి, ఒక్కొక్క బటనూ పలికించి చూశాను, అన్నీ పలికాయి. ఒక తమాషా విను. ప్రతి ముక్కకూ నువ్వు ఏ చెయ్యో మనమే చెప్పాలంట, లేకుంటే దానికి తెలియదంట. కుడి ముక్కకు "నువ్వు కుడి" అని చెప్పించాను. ఇంక భయం లేదు.

చంద్రప్ప

*

పెనుకొండ
4-9-2025

అన్నా,

నీ పార్సిలు అందింది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఎడమ చేతివే.

బొటనవేలు బటన్లు రెంటికీ కుడిపక్కనే ఉన్నాయి. మధ్యవేలు పోవలసిన చోట నా ఉంగరపువేలు పోతుంది. కుడిచేతికి పెట్టాలంటే నా చెయ్యి మళ్లీ విరగ్గొట్టి అతికించుకోవాలి.

తెలియక చేశావని అనుకోను. అట్టల్లో ఒక్క చిల్లు తప్పు కొట్టని మనిషివి నువ్వు. దీనికి కుడిచెయ్యి ఎలాగూ లేదు, ఎడమ చేత్తోనే రెండూ నొక్కుకుంటుందిలే అని లెక్కవేశావు. అంతే కదా? ఆ గొర్రెల ముసలాయన నవ్వుతూ అన్నది నువ్వు చెక్కతో చేసి పంపావు.

దీన్ని తిప్పి పంపుతున్నాను. ఈశ్వరప్పకు సోమవారం చెప్పేస్తాను, కదిరి పిల్లను రమ్మనమని.

నాగమణి

*

ధర్మవరం
6-9-2025

నాగూ,

ఈశ్వరప్పకు ఏమీ చెప్పొద్దు. ఈ ఉత్తరం చదివేదాకా నోరు మెదపొద్దు.

నీ గీతలు రెండూ తీసి కిటికీ అద్దానికి అంటించాను. రెండు కాగితాల్లోనూ బొటనవేలు కుడిపక్కనే ఉంది. ఇన్ని దినాలూ నాకు కనపడలేదు! ఎడమది ముందు చేసి పంపేశాను, కుడిది తర్వాత చేశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసిందే లేదు. కాగితం మీద ఉన్నది ముఖం, నేను చేసేది వీపు, తిప్పెయ్యి అని చెయ్యి తిప్పేసింది. తిప్పకూడనిదాన్ని తిప్పాను. తప్పు నాది.

తర్వాత నా కుడి చెయ్యి తీసి, నువ్వు "కుడి" అని రాసిన గీత మీద పెట్టాను. కుదరలేదు. అటు పెట్టాను, ఇటు పెట్టాను, ఊహూ. చివరికి అరచెయ్యి పైకి పెట్టి వెల్లకిలా వేశాను. సరిగ్గా కూర్చుంది, ఐదు వేళ్లూ.

అప్పుడు అర్థమైంది నాగూ. చెయ్యి కాగితం మీద పెట్టి గీయమంటే ఎవరైనా బోర్లా పెడతారు. నువ్వు వెల్లకిలా ఎందుకు పెట్టావు? నీ చెయ్యి బోర్లా పడదు కదూ?

పొద్దున బస్టాండుకు పోయి బావను బస్సు దగ్గరే నిలబెట్టి అడిగాను. నాకు వినపడదు కదా, ఆయప్ప ఏమీ చెప్పకుండా తన కుడిచెయ్యి చాపి, తిప్పబోయి, సగంలో ఆపి చూపించాడు. "ఎవరికీ చెప్పొద్దనిండాది" అన్నాడని ఆ పెదవులు చూసి తెలుసుకున్నాను. కండక్టరు ఏడుస్తుంటే బస్సంతా చూసింది.

ఇంత జరుగుతాంటే నాకొక్క మాట చెప్పకూడదా? బిగుసుకుందంట, కొంచెమంట! నేను ఇక్కడ బటన్లు దగ్గరికి జరుపుకుంటూ కూర్చున్నాను, అసలు పలకే ఏ వాలులో ఉండాలో తెలియకుండా. నీ మీద కోపంగా ఉంది, నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఆ రోజు పెనుకొండలో దిగి ఉంటే నా కళ్లతో చూసేవాణ్ని.

ఇప్పుడు అడిగేది ఒక్కటే, దాచకుండా చెప్పు. ఈ ఉత్తరాలన్నీ నీ చేత్తోనే రాస్తున్నావు కదా. పెన్ను పట్టుకున్నప్పుడు చెయ్యి ఎలా ఉంటుంది? ఏ వాలులో ఉంటే నొప్పి లేకుండా, బలవంతం లేకుండా ఉంటుంది?

చంద్రప్ప

*

పెనుకొండ
9-9-2025

అన్నా,

ఈశ్వరప్పకు చెప్పలేదు. చెబుదామని పోయి, ఆయన మొహం చూసి, నీళ్లు తాగి వచ్చాను.

బోర్లా పడదు. అరచెయ్యి పైకి ఎంతైనా తిరుగుతుంది, కిందికి రాదు. చిటికెనవేలు వైపు టేబులుకు ఆనించి, బొటనవేలు ఆకాశంలోకి పెట్టి గోడలా నిలబడుతుంది. పెన్ను పట్టుకోవచ్చు, గరిటె పట్టుకోవచ్చు. పెనం మీద దోసె పిండి తిప్పలేను. ముగ్గు వేయలేను. కీబోర్డు మీద పెట్టాలంటే మోచెయ్యి రెక్కలా పైకి లేపాలి, పది నిమిషాలకు భుజం పడిపోతుంది. ఇంక తిరగదమ్మా, ఇంతే అన్నాడు డాక్టరు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నిజమైపోతుందని. "బాగుంది" అని అందరికీ చెబుతుంటే రోజూ కొంచెం నమ్మకం వచ్చేది. మంజులకు కూడా చెప్పలేదు. నీకు చెబితే నువ్వు నాయనకు మల్లే ఏమీ అనకుండా తల నిమురుతావు, అది నాకు ఇంకా భయం.

రెండు ఎడమలు పంపావని నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు తిప్పుతావని తెలిసిన ఇంట్లోనే పుట్టాను కదా, వెల్లకిలా గీశానని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. రాస్తే ఎందుకని అడుగుతావని రాయలేదు.

వాలు అడిగావు. చెయ్యి హాయిగా ఎక్కడ నిలబడితే అక్కడ, టేబులుకూ అరచేతికీ మధ్య ఒక అట్ట పెట్టి మడిచాను. ఆ మడత విప్పకుండా పంపుతున్నాను. అదే కొలత.

ఒకటి అడగనా? బటన్లు నిలువుగా గోడకు కొట్టినట్టు ఉంటే వేళ్లకు దారి తెలుస్తుందా? చూడకుండా కొట్టడం మళ్లీ వస్తుందా? నాకు భయం కంటే అదేమిటో చూడాలని ఎక్కువగా ఉంది.

నాగమణి

*

ధర్మవరం
16-9-2025

నాగూ,

వస్తుంది. నేను కళ్లకు తువ్వాలు కట్టుకుని చూశాను. నాకు టైపు రాదు కాబట్టి అక్షరాలు ఏవో పడ్డాయి గానీ, వేళ్లు మాత్రం ఏ బటన్ దగ్గరికి పోవాలనుకుంటే అక్కడికే పోయాయి.

కొత్త పలక కోయించలేదు. ఉన్న పలకలో బటన్లన్నీ ఊడదీసి, పలకను అటువైపు తిప్పాను. తిప్పితే అదే కుడిచెయ్యి అయిపోయింది! చిల్లులు చిల్లులే కదా, ఏ వైపునుంచి చూసినా. బటన్లు ఇటువైపునుంచి దిగేసి మళ్లీ సోల్డరింగు చేశాను. తీగల వరుస మాత్రం కొసనుంచి మొదటికి తిరగబడింది. దాన్ని ఊడదీసి మార్చాలంటే ఇంకో వారం. మంజులకు చెబితే, "తీగలు ముట్టొద్దు మామా, ఫర్మ్‌వేర్‌లో వరుస తిప్పేస్తే చాలు" అని రాసింది. తిప్పాము. అట్టలు మార్చాము, మగ్గం ముట్టలేదు. ఆ పిల్లకు అన్నీ చెప్పేశాను, కోప్పడకు. తర్వాత "అమ్మ ఎడమ ముక్క కూడా కొంచెం వాల్చు మామా, రెండూ సమంగా ఉంటే అలసట ఉండదు" అని రాసింది.

నీ మడత అట్ట కొలతకే వడ్రంగి స్టాండు చెక్కాడు. కుడి ముక్క దాదాపు నిలువుగా నిలబడుతుంది. కరెంటు ఉండగా రెండు ముక్కల మధ్య తీగ మాత్రం పీకొద్దు, కాలిపోతుంది. మిగతాదంతా నీ ఇష్టం.

పార్సిలు బావకు ఇవ్వను. గురువారం రైలుకు నేనే వస్తున్నాను. పెనుకొండలో దిగుతాను.

చంద్రప్ప

*

పెనుకొండ
23-9-2025

అన్నా,

ఇది చేత్తో రాసింది కాదు, చూశావు కదా. రెండు చేతులతో కొట్టాను.

గురువారం నువ్వు కూర్చున్నంతసేపూ నేనేమీ మాట్లాడలేదని వదినతో అన్నావంట. ఏం మాట్లాడాలి? నువ్వు స్టాండు బిగిస్తున్నావు, నేను నీ వేళ్ల మీద సోల్డరింగు కాలిన మచ్చలు లెక్కపెడుతున్నాను. ఎనిమిది. మాట వస్తే ఏడుపూ వస్తుందని ఊరుకున్నాను. తల నిమరకుండా పోయావు, అది మాత్రం బాగా చేశావు.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఇంట్లో సాధన చేశాను. మొదటి రోజు నిమిషానికి ఆరు మాటలు. లోయరు క్లాసులో చేరిన మొదటి వారంలా ఉంది. ఆదివారం పెద్దలకు పెట్టేసి మళ్లీ కూర్చున్నాను. ఉన్నట్టుండి వేళ్లకు దారి దొరికింది. ఎలా దొరికిందో నాకు తెలియదు, వాటికి తెలుసు.

నిన్న సోమవారం పొద్దున పదింటికి వరండాలో పెట్టాను. జనం మూగారు. ఒకాయన "ఏందక్కా ఇది, ఇరిగిపోయిందా?" అన్నాడు. ఇంకొకాయన "హార్మోనియం మాదిరుండాది" అన్నాడు. ఈశ్వరప్ప లోపలినుంచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. రొద్దం వైపు నుంచి కళావతి అని ఒకావిడ, ఇద్దరు కూతుళ్లకు చెరో ఎకరం దానంగా రాయడానికి వచ్చింది. కాగితం మీద ఉన్నది చదివి కొట్టడం మొదలుపెట్టాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. హద్దులు అయ్యేసరికి మూగిన జనం తలో పనిమీద పోయారు, నేను మామూలుగా టైపు చేస్తున్నానని. ఈశ్వరప్ప లోపలికి పోయి ఫోనులో కదిరితో మాట్లాడాడు. "వద్దులేమ్మా, మా నాగమణి ఉండాది" అనడం వినపడింది.

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. పదకొండు కాగితాలు. మధ్యాహ్నం అన్నం తిన్నానో లేదో కూడా గుర్తులేదు. తప్పులు నాలుగు, నేనే దిద్దుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకు కంప్యూటరు ఆపి, టేబులు మీది కాగితాలు దగ్గరికి తోయడానికి కుడిచెయ్యి చాపాను. అరచెయ్యి కిందికి తిరగలేదు. ఏమిటిది, ఎందుకు తిరగదు అని ఒక క్షణం నిజంగానే ఆశ్చర్యపోయాను. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున పదింటినుంచి అంతవరకూ నా చెయ్యి విరిగిందన్న సంగతే మర్చిపోయాను అన్నా.

నీ చెల్లెలు
నాగమణి